కాటా దగ్గర క్యూ నుంచి మార్కోవ్ గొలుసు దాకా: యాదృచ్ఛిక ప్రక్రియలు, సిమ్యులేషన్ సొంతంగా నేర్చుకునే దారి

కోతల రోజుల్లో నెల్లూరు జిల్లాలో ఏ రైస్ మిల్లు ముందుకెళ్ళినా వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కో ట్రక్కులో మూడు నాలుగు పుట్ల వడ్లు. డ్రైవర్లు ఇంజిన్ ఆపేసి నీడ చూసుకుని కూర్చుంటారు. తర్వాతి బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. కాటా మీద ఒక్కో బండికి ఎంతసేపు పడుతుందో కూడా ముందే చెప్పలేం. అయినా, సగటున ఒక బండి ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్క కట్టొచ్చు. ఇలా కాలంతోపాటు నడుస్తూ, తర్వాత ఏమవుతుందో ఖాయంగా చెప్పలేని వాటినే యాదృచ్ఛిక ప్రక్రియలు అంటారు, ఇంగ్లీషులో స్టొకాస్టిక్ ప్రాసెస్‌లు. వాటిని కంప్యూటర్లో నడిపించి చూడటమే సిమ్యులేషన్.

నేను ఒంగోలులో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తుంటాను. ఈ సబ్జెక్టు అంటే చాలామందికి టెన్షన్. పుస్తకం తెరవగానే సిగ్మా ఆల్జీబ్రా ఎదురవుతుంది, రెండో వారానికి పుస్తకం అటక ఎక్కుతుంది. నేను చెప్పే వరస వేరు. ముందు నోటుబుక్కులో చేత్తో చెయ్యండి, తర్వాత కంప్యూటర్లో చెయ్యండి, ఆ తర్వాతే సిద్ధాంతం చదవండి. ఒక్క షరతు మాత్రం ఉంది. మీ ప్రోగ్రాం ఇచ్చిన జవాబును, జవాబు ముందే తెలిసిన ఒక చిన్న లెక్కతో సరిచూడకుండా నమ్మకూడదు. రోజుకు గంట కేటాయిస్తే ఆరు నెలల్లో ఇదంతా చేతికి వస్తుంది.

మొదటి మెట్టు: ఇంటర్ లెక్కలు

ఎంపీసీ చదివిన వాళ్ళకు సరంజామా దాదాపు ఉన్నట్టే. షరతులతో కూడిన సంభావ్యత, సగటు, విస్తృతి, ద్విపద విభాజనం, పాయిజాన్ విభాజనం, మాత్రికల గుణకారం, గుణశ్రేఢి మొత్తం, సహజ సంవర్గమానం. ఇవి చాలు. రెండు వారాలు కూర్చుని పాత పుస్తకంలోని లెక్కలు మళ్ళీ చెయ్యండి. అంతకు మించి ఇక్కడ ఆగొద్దు. "పునాది పూర్తయ్యాక మొదలుపెడతాను" అన్నవాళ్ళు మొదలుపెట్టగా నేను చూడలేదు.

రెండో మెట్టు: రూపాయి బిళ్ళ

బిళ్ళ ఎగరెయ్యండి. బొమ్మ పడితే ఒక అడుగు కుడికి, బొరుసు పడితే ఒక అడుగు ఎడమకి. గళ్ళ కాగితం మీద ఇరవై అడుగుల దారి గియ్యండి. అలాంటి దారులు పది గీస్తే మొదటి పాఠం కళ్ళముందు కనిపిస్తుంది: సగటు స్థానం సున్నా దగ్గరే ఉన్నా, ఒక్కో దారి మాత్రం ఎటో దూరంగా పోతుంది. దీన్నే యాదృచ్ఛిక నడక అంటారు. 1905లో గణాంకవేత్త కార్ల్ పియర్సన్ ఒక సైన్సు పత్రికకు రాసిన చిన్న ఉత్తరంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది.

ఇప్పుడు ఇదే పని కంప్యూటర్‌కి అప్పగించండి. 100 అడుగుల నడకను 10,000 సార్లు నడిపించండి. బయల్దేరిన చోటు నుంచి దూరాల వర్గాల సగటు 100కి దగ్గరగా రావాలి, అంటే దాని వర్గమూలం 10. గుర్తు వదిలేసిన మామూలు దూరాల సగటు 8కి దగ్గరగా రావాలి. అడుగులు నాలుగింతలు చేస్తే దూరం రెండింతలే అవ్వాలి. ఈ మూడూ వస్తేనే ప్రోగ్రాం సరిగ్గా ఉన్నట్టు. ఓపిక ఉంటే గీత మీద నుంచి మైదానంలోకి, మైదానం నుంచి ఆకాశంలోకి వెళ్ళండి. గీత మీద, మైదానంలో నడిచేవాడు ఎప్పటికైనా బయల్దేరిన చోటికి తిరిగి రావడం ఖాయం. ఆకాశంలో, అంటే పైకీ కిందకీ కూడా నడిస్తే, తిరిగొచ్చే అవకాశం నూటికి 34 మాత్రమే. గీతకీ మైదానానికీ ఆకాశానికీ మధ్య ఉన్న ఈ తేడాను 1921లో గణితవేత్త పోల్యా నిరూపించాడు. ఆ నిరూపణ మొదటిసారి అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు.

కంప్యూటర్ అంటే ఖరీదైన ల్యాప్‌టాపే కావాలని లేదు. ఫోన్ బ్రౌజర్లో గూగుల్ కోల్యాబ్ తెరిస్తే పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) ఉచితంగా నడుస్తుంది. కోడ్ రాసేముందు మీరు చేయించదలచుకున్న పనిని తెలుగులో వరసగా రాసుకోండి. తెలుగులో రాయలేని పని పైథాన్‌లోనూ రాదు.

మూడో మెట్టు: కంప్యూటర్ బిళ్ళ ఎగరేస్తుందా?

ఎగరెయ్యదు. లెక్క చేస్తుంది, అంతే. ఈ సంగతి తెలీకుండా ముందుకెళ్తే తర్వాత దెబ్బ తింటారు, కాబట్టి ఇక్కడ నిదానంగా నడుద్దాం.

ఒక సంఖ్య తీసుకోండి. 5తో గుణించి, 3 కలిపి, 16తో భాగించి శేషం రాయండి. ఆ శేషంతో మళ్ళీ అదే పని చెయ్యండి. 7తో మొదలుపెడితే 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4 వస్తాయి, ఆ తర్వాత మళ్ళీ 7. పదహారు సంఖ్యలూ ఒక్కోసారి వచ్చాయి, పైకి చూస్తే కలగాపులగంగానే ఉన్నాయి. ఇప్పుడు బేసి వస్తే బొమ్మ, సరి వస్తే బొరుసు అనుకుని చదవండి: బొమ్మ, బొరుసు, బొమ్మ, బొరుసు, చివరిదాకా అంతే. ఈ బిళ్ళతో నడక నడిపిస్తే మనిషి గుమ్మం దగ్గరే ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు.

ఇది కేవలం బొమ్మ లెక్క అనుకోవద్దు. 1960లలో పెద్ద కంప్యూటర్లలో విరివిగా వాడిన ర్యాండు అనే పద్ధతిలో కూడా ఇలాంటి లోపమే బయటపడింది. వరసగా వచ్చే సంఖ్యల్ని మూడేసి చొప్పున తీసుకుని గదిలో చుక్కలుగా పెడితే, అవన్నీ 15 పలకల మీదే పడ్డాయి. ఇప్పుడు పైథాన్‌లో మామూలుగా వచ్చేది మెర్సెన్ ట్విస్టర్. మాట్సుమోతో, నిషిమురా అనే ఇద్దరు జపాన్ గణితవేత్తలు దాన్ని తయారుచేశారు. అందులో సంఖ్యల వరస తిరిగి మొదటికి రావడానికి పట్టే పొడవు రెండును 19,937 సార్లు గుణించి ఒకటి తీసేసినంత. మన పనులకు అది చాలు.

మొదటి సంఖ్యను సీడ్ అంటారు, మన మాటల్లో విత్తనం. అదే విత్తనం వేస్తే అదే పంట. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

నాలుగో మెట్టు: వాన నోటుబుక్కు

మన తీరానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఆ మూడు నెలలూ రోజుకో అక్షరం రాయండి: వాన పడితే "వా", పడకపోతే "పొ". వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, ఆ పైన పడితేనే వాన రోజు. మీరు కూడా ఏదో ఒక కొలత పెట్టుకుని దానికే కట్టుబడండి.

ఇప్పుడు జంటలు లెక్కపెట్టండి. వాన రోజు తర్వాత వాన ఎన్నిసార్లు, పొడి ఎన్నిసార్లు? పొడి రోజు తర్వాత? వాన పడిన మర్నాడు కూడా పడే అవకాశం 0.6, పొడి రోజు మర్నాడు పడే అవకాశం 0.2 అనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను పెట్టినవి, మీ నోటుబుక్కులో మీవి వస్తాయి. రేపటి సంగతి ఇవ్వాళ్టి మీదే ఆధారపడుతుంది, నిన్న మొన్నటి మీద కాదు అనుకుంటే అది మార్కోవ్ గొలుసు. రష్యా గణితవేత్త ఆంద్రేయ్ మార్కోవ్ 1906లో ఈ పని మొదలుపెట్టి, 1913లో ఒక కావ్యంలోని 20,000 అక్షరాల్ని అచ్చులు, హల్లులుగా వేరుచేసి చేత్తోనే లెక్కపెట్టాడు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆయన పడిన శ్రమ ముందు మన మూడు నెలల నోటుబుక్కు ఎంత!

చేత్తో ఇంకొంచెం ముందుకు వెళ్దాం. ఇవ్వాళ వాన పడింది, ఎల్లుండి పడే అవకాశం ఎంత? రేపు పడి ఎల్లుండి పడటం 0.36, రేపు పడకుండా ఎల్లుండి పడటం 0.08, కలిపితే 0.44. ఇవ్వాళ పొడి అయితే ఇదే లెక్కకు 0.28 వస్తుంది. మూడో రోజుకి 0.376, 0.312. చూశారా, రెండూ దగ్గరవుతున్నాయి. తేడా మొదట 0.4, తర్వాత 0.16, తర్వాత 0.064. చివరికి రెండూ మూడింట ఒక వంతు దగ్గర కలుస్తాయి. ఇవ్వాళ వాన పడిందా లేదా అన్న జ్ఞాపకం వారం తిరిగేసరికి ఈ గొలుసులో దాదాపు చెరిగిపోతుంది. ఈ ఒక్క లెక్క చేత్తో చేస్తే, పుస్తకంలో స్థిర విభాజనం, ఐగెన్ విలువ అన్న మాటలు వచ్చినప్పుడు భయం ఉండదు. చివరికి నిలిచే మూడింట ఒక వంతు వాన, రెండు వంతులు పొడి అన్నదే స్థిర విభాజనం. తేడాను ప్రతి రోజూ గుణిస్తూ పోయే ఆ 0.4 ఐగెన్ విలువే.

తర్వాత ప్రోగ్రాం. పదివేల రోజులు నడిపించండి. మూడింట ఒక వంతు వాన రోజులు రావాలి. వానలు పట్టుకుంటే సగటున రెండున్నర రోజులు, పొడి పట్టుకుంటే సగటున అయిదు రోజులు ఉండాలి. అవి సరిపోయాక అసలు ప్రశ్న అడగండి: మీ నోటుబుక్కులో వరసగా ఆరేడు రోజుల ముసుర్లు ఎన్ని ఉన్నాయి, సిమ్యులేషన్లో ఎన్ని వచ్చాయి? బంగాళాఖాతంలో వాయుగుండం పడితే వాన ఒక పట్టాన వదలదు. గొలుసుకు ఆ సంగతి తెలీదు. తేడా ఎక్కువగా ఉంటే నిన్న, ఇవ్వాళ రెండూ గుర్తుంచుకునే గొలుసు కట్టండి, రెండు స్థితుల బదులు నాలుగు వస్తాయి. మోడల్ ఎక్కడ సరిపోవడం లేదో కనిపెట్టడమే ఈ సబ్జెక్టులో సగం చదువు.

అయిదో మెట్టు: రాకల లెక్క

ఒంగోలు అద్దంకి బస్టాండు దగ్గర ఏదైనా టీ అంగట్లో కూర్చోండి. ప్రతి అయిదు నిమిషాలకూ ఎంతమంది వచ్చారో రాయండి. రెండు గంటలకు 24 అంకెలు వస్తాయి. వాటి సగటు, విస్తృతి కట్టండి. రాకలు ఒకదానికొకటి సంబంధం లేకుండా, ఒకే వేగంతో వస్తుంటే అది పాయిజాన్ ప్రక్రియ, అందులో సగటు, విస్తృతి ఇంచుమించు సమానంగా ఉంటాయి. బస్సు ఆగి జనం గుంపుగా దిగితే విస్తృతి సగటును దాటిపోతుంది. ఇదే పని బస్టాండుకు దూరంగా ఉన్న మందుల షాపు దగ్గర చేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

పాయిజాన్ రాకల మధ్య ఎడాలు అనుసరించే విభాజనాన్ని ఎక్స్‌పొనెన్షియల్ విభాజనం అంటారు. అలాంటి ఎడాల్ని పుట్టించడం తేలికే. సున్నాకీ ఒకటికీ మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని, దాన్ని ఒకటిలోంచి తీసేసి, సహజ సంవర్గమానం కట్టి, సగటు ఎడంతో గుణించి, ఋణ గుర్తు తీసెయ్యండి. సగటు ఎడం 6 నిమిషాలైతే 0.1కి 38 సెకన్లు, 0.5కి 4.16 నిమిషాలు, 0.9కి 13.8 నిమిషాలు వస్తాయి. ఎక్కువ ఎడాలు చిన్నవి, అప్పుడప్పుడూ ఒకటి చాలా పెద్దది. రోడ్డు మీద మనం చూసేది కూడా ఇదే.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. బస్సులు ఇలా సగటున 20 నిమిషాల ఎడంతో వస్తుంటే, ఏదో ఒక వేళకి స్టాపుకి వెళ్ళిన మీరు సగటున ఆగేది పది నిమిషాలు కాదు, ఇరవై నిమిషాలే. పెద్ద ఎడాల్లోకి అడుగుపెట్టే అవకాశమే ఎక్కువ మరి. నా మాట మీద నమ్మొద్దు, పది వరసల ప్రోగ్రాం రాసి చూసుకోండి.

ఆరో మెట్టు: కాటా

ఇక మొదట చెప్పిన మిల్లుకు వెళ్దాం. ముందు చేత్తో. అయిదు బండ్లు 0, 4, 6, 15, 17 నిమిషాలకు వచ్చాయి. కాటా మీద వాటికి పట్టింది వరసగా 5, 7, 3, 4, 6 నిమిషాలు. మొదటిది ఆగలేదు, అయిదో నిమిషానికి దిగింది. రెండోది 1 నిమిషం ఆగి, పన్నెండో నిమిషానికి దిగింది. మూడోది 6 నిమిషాలు ఆగింది. నాలుగోది వచ్చేసరికి కాటా ఖాళీ. అయిదోది 2 నిమిషాలు ఆగింది. సగటు 1.8.

దీని వెనక ఉన్న సూత్రం ఒక్కటే. ముందు బండి ఆగిన సమయానికి అది కాటా మీద ఉన్న సమయం కలిపి, రెండు బండ్ల రాకల మధ్య ఎడం తీసెయ్యండి. ఋణంలోకి పోతే సున్నా రాయండి. 1952లో గణాంకవేత్త లిండ్లీ చెప్పిన సూత్రమిది. ప్రోగ్రాం మొత్తం ఈ ఒక్క వాక్యమే. మీ ప్రోగ్రాంకి పై అయిదు బండ్లు ఇచ్చి 1.8 వస్తుందో లేదో చూడండి, ఆ తర్వాతే యాదృచ్ఛిక సంఖ్యలు ఇవ్వండి.

సరిచూడటానికి సూత్రం కూడా ఉంది. క్యూల లెక్కను 1909లో కోపెన్‌హేగన్ టెలిఫోన్ కాల్స్ కోసం డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ మొదలుపెట్టాడు. గంటకు పది తూకాలు, ఒక్కోదానికి సగటున 5 నిమిషాలు, రెండూ ఎక్స్‌పొనెన్షియల్ అనుకుంటే, దీర్ఘకాలంలో సగటున ఆగేది 25 నిమిషాలు. తూకానికి ఒక్క నిమిషం తగ్గించి 4 చెయ్యండి: ఆగేది 8 నిమిషాలకు పడిపోతుంది! ఒక్క నిమిషానికి పదిహేడు నిమిషాలు మిగిలాయి. ఇంకోటి చూడండి, తూకం సగటు 5 నిమిషాలే ఉంచి, ప్రతి బండికీ సరిగ్గా 5 నిమిషాలే పట్టేలా చేస్తే ఆగేది సగమై 12.5 నిమిషాలవుతుంది. క్యూ పెరగడానికి రద్దీ ఒక్కటే కారణం కాదు, నిలకడ లేకపోవడం కూడా కారణమే.

నేను మొదటిసారి ఈ లెక్క కట్టింది మా బాబాయి కోసం. కోవూరు వైపు ఆయనకు మిల్లు ఉంది. గంటకు అయిదు ట్రాక్టర్లు వస్తాయన్నారు, తూకానికి అయిదు నిమిషాలన్నారు. లెక్క కట్టి, సగటున మూడున్నర నిమిషాలు ఆగుతారు బాబాయ్ అని చెప్పాను. "మూడున్నరేంది అబ్బయ్యా, అరగంట కూర్చుంటా ఉండారు" అన్నారు. వెళ్ళి చూస్తే తెలిసింది. ప్రతి బండీ కాటా రెండుసార్లు ఎక్కుతుంది, వడ్లతో ఒకసారి, దించాక ఖాళీగా ఒకసారి. అయిదు బండ్లంటే పది తూకాలు. ఆ ఒక్క సంగతితో మూడున్నర నిమిషాలు 25 అయ్యాయి. అందుకే మోడల్ కట్టేముందు అక్కడికి వెళ్ళి ఒక గంట ఊరికే నిలబడి చూడమని మా పిల్లలకు పదే పదే చెప్తాను.

ఏడో మెట్టు: ఒక్కసారి నడిపితే చాలదు

రెండో తప్పు ఇంకా పెద్దది. ఒక్క రోజు నడిపితే చాలదని తెలుసు కాబట్టి 200 రోజులు నడిపించాను. ప్రతి రోజూ సగటు ఒకటే వచ్చింది, దశాంశాలతో సహా. లెక్క అంత గట్టిగా ఉందనుకుని సంబరపడి బాబాయికి చూపించాను. ఆయన కాగితం చూసి, "రెండొందల రోజులూ ఒకటేనా? మన కాటా కాడ రెండు రోజులు ఒకేలా ఉండవు గదా" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే, రోజు మొదలైనప్పుడల్లా అదే విత్తనం వేసే వరస లూపు (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే భాగం) లోపల రాసి ఉంది. అంటే ఒకే రోజును రెండొందల సార్లు చూశానన్నమాట. సీడ్ వేసే వరస లూపు బయట, ప్రోగ్రాం మొదట్లో ఒక్కసారే ఉండాలి.

సరిచేశాక రోజుల సగటులు నాలుగైదు నిమిషాల నుంచి గంట దాటేదాకా చెల్లాచెదురుగా వచ్చాయి. అసలు జవాబు అదే. 200 రోజుల సగటులకు ప్రామాణిక విచలనం కట్టి, దాన్ని 200 వర్గమూలంతో, అంటే 14తో భాగిస్తే మీ సగటులో ఎంత తప్పు ఉండొచ్చో తెలుస్తుంది. తప్పు సగం కావాలంటే రోజులు నాలుగింతలు కావాలి. చుక్కలు చల్లి π (పై) విలువ కట్టే మామూలు అభ్యాసంలో కూడా ఇదే కనిపిస్తుంది: 10,000 చుక్కలతో దాదాపు 0.016 తప్పు, పది లక్షల చుక్కలతో 0.0016. వంద రెట్లు కష్టపడితే ఒక్క అంకె. ఈ చల్లే పద్ధతి పేరు మాంటీ కార్లో. 1946లో జబ్బు నుంచి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరి ఆట ఆడుతున్న గణితవేత్త ఉలామ్‌కి వచ్చిన ఆలోచన అది.

మూడు జాగ్రత్తలు. ఒకే రోజులో వరస బండ్ల ఎదురుచూపులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వాటిని విడివిడి కొలతల్లా లెక్కేసి తప్పు తక్కువని చెప్పుకోవద్దు. పొద్దున కాటా ఖాళీగా మొదలవుతుంది కాబట్టి పది గంటల రోజు సగటు 25 కంటే తక్కువ వస్తుంది, అది బగ్ కాదు. 25 చూడాలంటే లక్ష తూకాలు ఆపకుండా నడిపి, మొదటి కొన్ని వేలు వదిలెయ్యండి. ఇక అయిదు నిమిషాల తూకాన్నీ నాలుగు నిమిషాల తూకాన్నీ పోల్చేటప్పుడు, రెండింటికీ అవే రాకలు ఇవ్వండి. అక్కడ మాత్రం ఒకే విత్తనం వెయ్యడం మేలు చేస్తుంది.

ఆ పైన

శాఖా ప్రక్రియలు, అంటే ఒకదాని నుంచి కొన్ని, వాటి నుంచి ఇంకొన్ని పుట్టుకొచ్చేవి, ఒక్క వారం పని. రొయ్యల చెరువులో తెల్లమచ్చ వైరస్ సోకిన ఒక రొయ్య, నాలుగింట ఒక వంతు అవకాశంతో ఎవరికీ అంటించదు, నాలుగింట ఒక వంతు అవకాశంతో ఒకదానికి, సగం అవకాశంతో రెండింటికి అంటిస్తుంది అనుకోండి. సగటు 1.25, ఒకటి కంటే ఎక్కువే. అయినా సగం సార్లు వ్యాధి దానంతటదే ఆరిపోతుంది. ఆరిపోయే అవకాశాన్ని x అనుకుని, x = 1/4 + x/4 + x²/2 అనే వర్గ సమీకరణం వేసి సరిచూసుకోండి. బ్రౌనియన్ చలనానికి (నీళ్ళలో సన్నటి రేణువులు ఆగకుండా అటూ ఇటూ కదలడానికి) రూపాయి బిళ్ళ నడకే మెట్టు: అడుగులు చిన్నవి చేస్తూ, త్వరత్వరగా వేయిస్తూ పోతే అదే వస్తుంది. 1905లో ఐన్‌స్టీన్ దాన్ని అణువుల తాకిడితో వివరించాడు.

ఇక్కడిదాకా వచ్చాక కొలమాన సిద్ధాంతం (మెజర్ థియరీ, మొదట చెప్పిన సిగ్మా ఆల్జీబ్రా ఇందులోదే) చదవండి, అప్పుడు ప్రతి నిర్వచనానికీ మీ దగ్గర ఒక ఉదాహరణ ఉంటుంది. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. నెల్లూరు నుంచి మద్రాసు రైల్లో వెళ్తుంటే పొన్నేరి స్టేషను వస్తుంది. ఈ శాస్త్రంలో చేసిన పనికి 2007లో గణితానికిచ్చే ఏబెల్ బహుమతి అందుకున్న శ్రీనివాస వరదన్ తండ్రి ఆ ఊరి హైస్కూలు హెడ్‌మాస్టరు, వరదన్ హైస్కూలు చదివింది కూడా అక్కడే. మా పిల్లలు ఆ స్టేషను దాటేటప్పుడు ఫొటో తీసి నాకు పంపుతుంటారు.

బాబాయి ఎడగారు (రెండో పంట) కోతలకి ఒక మార్పు చేశారు. చీటీ రాసే కుర్రాణ్ణి కాటా గదిలోంచి తీసి క్యూ మొదట్లో కూర్చోబెట్టారు. రైతు పేరు, ఊరు, బండి నంబరు ముందే రాసి ఉంటాయి, కాటా మీద బరువు ఒక్కటే వెయ్యాలి. ఆ రోజు మళ్ళీ నోటుబుక్కు పట్టుకుని చింతచెట్టు కింద కూర్చున్నాను. తూకానికి నాలుగు నిమిషాలు పడుతోంది. మధ్యాహ్నం మూడింటికి చూస్తే బారులో రెండే బండ్లు ఉన్నాయి.